రూటర్‌లో నిస్తంత్రి కార్డు ఎందుకు మూగపోతుంది?

రూటర్ మీద దీపాలన్నీ వెలుగుతూనే వుంటాయి. తీగతో కలిపిన కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఎప్పటివలెనే అందుతూ వుంటుంది. అయినా సెల్‌ఫోన్లలో కనిపించే వైఫై జాబితాలో ఆ పాఠశాల పేరు మాత్రం వుండదు. క్రితం రాత్రి రూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను మార్చి కొత్తది ఎక్కించి వుండవచ్చు. లేదా ఉరుములు మెరుపులతో వాన కురిసి వుండవచ్చు. లేదా ఎవరూ ఏమీ చేయకనే ఇలా జరిగి వుండవచ్చు. ఇట్టి సందర్భాలలో "కార్డు కాలిపోయింది" అని తీర్పు చెప్పి, రూటర్‌ను మూలన పడవేయడం పరిపాటి అయిపోయింది. కార్డు నిజంగా కాలిపోవడమూ కద్దు. కాని సరిగ్గా ఇదే లక్షణాన్ని చూపే కారణాలు మరో అరడజను వున్నాయి. వాటిలో చాలావాటిని సరిచేయడానికి కాసింత ఓర్పు తప్ప ఖర్చేమీ అక్కరలేదు. ఒక్కటి మాత్రం అలా కాదు. తొందరపాటు మరమ్మతు వల్ల అది తీరని నష్టంగా పరిణమిస్తుంది. దానిని గురించి కొంత వివరంగా చెప్పుకోవలసి వుంది.

గోడకు తగిలించిన ఆ చిన్న పెట్టె కూడా ఒక కంప్యూటరే. దానికి తెర లేదు, మీటల పలక లేదు, అంతే భేదం. 2002 డిసెంబరులో లింక్‌సిస్ సంస్థ విడుదల చేసిన డబ్ల్యుఆర్‌టి 54జి అనే రూటర్‌ను తీసుకుంటే, దానిలో 125 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసే ప్రాసెసరు, 16 మెగాబైట్ల తాత్కాలిక స్మృతి, విద్యుత్తు పోయినా చెరగని 4 మెగాబైట్ల ఫ్లాష్ స్మృతి వుండేవి. వాటి మీద లినక్స్ అనే నిర్వహణ వ్యవస్థ నడిచేది. నేటికీ అనేక రూటర్లలో నడిచేది లినక్సే. దాని నడిబొడ్డున వుండి, అన్ని పనులనూ పంచిపెట్టే భాగాన్ని కెర్నెల్ అంటారు. గాలిలోకి తరంగాలను పంపి, గాలిలోని తరంగాలను పట్టే భాగం నిస్తంత్రి కార్డు. కొన్ని రూటర్లలో ఇది ఊడదీయడానికి వీలైన చిన్న పలక. మరికొన్నింటిలో ప్రధాన చిప్పులోనే ఇమిడి వుంటుంది.

ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుంది? 1611లో ఈస్టిండియా కంపెనీ వారు మచిలీపట్నం రేవులో దిగినప్పుడు వారికి తెలుగు రాదు. ఇక్కడి నేతగాళ్ళకు ఇంగ్లీషు రాదు. అటువంటి వ్యాపారమంతా నడపడానికి పుట్టినవాడే ద్విభాషి, వాడుకలో దుబాసీ. రూటర్‌లో ఆ దుబాసీ పని చేసే సాఫ్ట్‌వేర్‌ను డ్రైవర్ అంటారు. "ఈ సమాచారాన్ని ఫలానా ఫోనుకు పంపు" అని మాత్రమే కెర్నెల్‌కు చెప్పడం తెలుసు. కార్డుకు ఆ మాట తెలియదు. దానికి తెలిసినదల్లా తనలోని రిజిస్టర్లలో, అనగా నంబర్లు వేసిన చిన్న చిన్న గళ్ళలో, ఏయే అంకెలు పడినవన్నదే. ఏ గడిలో ఏ అంకె వేస్తే ఆ కార్డు ఏమి చేస్తుందో డ్రైవర్ ఎరుగును. ఒక తయారీదారు గళ్ళ అమరిక మరొకరి దానితో కలవదు. కనుకనే ప్రతి జాతి చిప్పుకూ వేరువేరు డ్రైవర్ కావలసి వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు వుంది. పెట్టె పేరు ఒకటే అయినా లోపలి సరుకు ఒకటే కానక్కరలేదు. పైన చెప్పిన 54జి రూటరే 2005లో అయిదవ రూపంలో వెలువడినప్పుడు స్మృతులు రెండూ సగానికి సగం తగ్గి, లినక్స్‌కు బదులు వేరొక నిర్వహణ వ్యవస్థ వచ్చింది. పెట్టె రంగు, పేరు మాత్రం మారలేదు. కాబట్టి రూటర్ అడుగున అంటించిన చీటీలో పేరు పక్కనే చిన్న అక్షరాలతో వుండే రూపసంఖ్యను కూడా చదివి తీరాలి. ఒక రూపానికి తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను మరొక రూపానికి ఎక్కించడం వల్ల వచ్చిన మూగతనాన్ని కార్డు మీదికి నెట్టడం న్యాయం కాదు.

ఆయకట్టు చివరి మడికి నీరందనప్పుడు రైతు ఆ మడిని తవ్వుకుంటూ కూర్చోడు. తూము దగ్గర మొదలుపెట్టి, గట్టు వెంట నడుస్తూ గండి ఎక్కడ పడిందో, పూడిక ఎక్కడ పేరుకుందో చూసుకుంటూ వస్తాడు. రూటర్ విషయంలోనూ అదే మార్గం. కార్డుకు విద్యుత్తు అందాలి. కెర్నెల్‌కు కార్డు కనిపించాలి. తగిన డ్రైవర్ చేరాలి. ఆ డ్రైవర్‌కు ఫర్మ్‌వేర్, కొలతల పత్రం దొరకాలి. దేశపు నిబంధనలు అనుమతించాలి. చివరకు ప్రసారాన్ని నడిపే ప్రోగ్రాం సరైన ఆజ్ఞలతో మొదలుకావాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఫోనులో కనిపించే ఫలితం ఒక్కటే: జాబితాలో పేరు లేకపోవడం.

ఆర్పి వెలిగించే ముందు

రూటర్ పనిచేయకపోతే మొట్టమొదట అందరూ చేసేది దాన్ని ఆర్పి మళ్ళీ వెలిగించడం. ఒక్కొక్కప్పుడు ఇది ఉపకరిస్తుంది కూడా. అయితే దోషం కనిపెట్టదలచినవారు ఈ పనికి వెంటనే పూనుకోరాదు. ఎందుకంటే కెర్నెల్, డ్రైవర్లు తమకు ఎదురైన ప్రతి ఇబ్బందినీ ఎప్పటికప్పుడు ఒక దినచర్యలో రాస్తూ వుంటాయి. సాధారణంగా రూటర్లలో ఈ దినచర్య తాత్కాలిక స్మృతిలో వుంటుంది. విద్యుత్తు తీసిన మరుక్షణమే చెరిగిపోతుంది. దొంగతనం జరిగిన గదిని పోలీసులు రాకముందే కడిగివేసినట్లవుతుంది. కనుక తీగతో కలిపిన కంప్యూటర్ నుంచి రూటర్‌లో ప్రవేశించి, ముందుగా దినచర్యను నకలు తీసుకోవాలి. ఓపెన్‌వర్ట్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నడిచే రూటర్లలో డీమెసేజ్, లాగ్‌రీడ్ అనే రెండు ఆజ్ఞలు ఈ పనికే వున్నాయి. అంగళ్ళలో దొరికే రూటర్లలో సైతం సెట్టింగుల పేజీలో "సిస్టమ్ లాగ్" అనే చోటు తరచుగా వుంటుంది. అది ఇంత వివరంగా వుండదు.

డీమెసేజ్ చూపే పంక్తుల మొదట ఒక సంఖ్య వుంటుంది. యంత్రం మేలుకొన్నప్పటి నుంచి గడచిన సెకన్లు అవి. 14వ సెకనులో వచ్చిన ఫిర్యాదు వేరు, 80,000వ సెకనులో వచ్చిన ఫిర్యాదు వేరు. మొదటిది పుట్టుకతోనే వున్న లోపాన్ని, అనగా ఫైలు లేకపోవడం, డ్రైవర్ కలవకపోవడం వంటివాటిని సూచిస్తుంది. రెండవది దాదాపు ఒక పగలూ రాత్రీ చక్కగా పనిచేసి ఆ తరువాత చెడిన కార్డును సూచిస్తుంది. ఈ ఒక్క తేడా గమనిస్తే వెతకవలసిన చోట్లు సగం తగ్గుతాయి.

దోషాన్ని డ్రైవర్లు తరచు ఒక రుణసంఖ్యతో తెలియజేస్తాయి. ఇది యునిక్స్ కాలం నుంచి వస్తున్న ఆచారం. -2 అంటే అడిగిన ఫైలు లేదని. -12 అంటే స్మృతిలో చోటు చాలలేదని. -19 అంటే అటువంటి పరికరమే లేదని అర్థం. అడిగిన దానికి గడువులోగా జవాబు రాలేదని చెప్పే సంఖ్య -110. అయితే మిప్స్ జాతి ప్రాసెసరు వున్న రూటర్లలో అదే దోషానికి -145 అని పడుతుంది. లినక్స్‌ను మిప్స్‌కు తెచ్చినప్పుడు వేరొక పాత యునిక్స్ అంకెల పట్టికను అనుసరించడమే దీనికి కారణం. ఇది తెలియనివారు రెండు యంత్రాలలో రెండు వేరువేరు జబ్బులున్నవని భ్రమపడే అవకాశం వుంది.

కార్డు కనిపిస్తున్నదా?

పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే మార్గం ద్వారా కలిసే ప్రతి కార్డూ తన నుదుట రెండు సంఖ్యలు రాసుకుని వస్తుంది. ఒకటి తయారీదారుది, రెండవది ఆ నమూనాది. ఇవి పదహారు ఆధారంగా గల సంఖ్యామానంలో వుంటాయి. అథెరోస్‌కు 168సి, బ్రాడ్‌కామ్‌కు 14ఇ4. ఇంటెల్ వారిది 8086. 1978లో తాము తెచ్చిన ప్రసిద్ధ ప్రాసెసరు పేరునే వారు నుదుటి రాతగా పెట్టుకున్నారు. ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆజ్ఞ ఇస్తే ఈ సంఖ్యలు బయటపడతాయి. నిస్తంత్రి భాగం ప్రధాన చిప్పులోనే ఇమిడి వున్న రూటర్లలో మాత్రం అది ఈ పట్టికలో కనిపించదు. అందుకు కంగారు పడనక్కరలేదు.

వుండవలసిన కార్డు పట్టికలో లేకపోతే డ్రైవర్‌ను నిందించి లాభం లేదు. ఎదురుగా మనిషే లేనప్పుడు దుబాసీ ఏం చేయగలడు? కార్డు సొరుగులో సరిగా కూర్చున్నదీ లేనిదీ చూడాలి. ఆ తరువాత అనుమానించవలసింది గోడకు గుచ్చే అడాప్టర్‌ను. ఇది విచిత్రంగా తోచవచ్చు. దీపాలు వెలుగుతున్నవి కదా అని అనిపిస్తుంది. దీపాలకు కావలసిన విద్యుత్తు అత్యల్పం. కార్డు మౌనంగా వింటున్నప్పటికన్న ప్రసారం చేస్తున్నప్పుడు ఎక్కువ విద్యుత్ ప్రవాహాన్ని లాగుతుంది. పాతబడిన అడాప్టర్‌లోని కెపాసిటర్లు నీరసించి వుంటే ఆ క్షణంలో వోల్టేజి పడిపోతుంది. పదిమంది విద్యార్థులు ఒకేసారి కలిసినప్పుడు మాత్రమే కార్డు అదృశ్యమవుతుంటే, ఇదే మొదటి అనుమానం కావాలి. అదే వోల్టేజి, అంతకు తగ్గని ఆంపియర్లు గల మరో అడాప్టర్‌తో పరీక్షించి చూడటం అయిదు నిమిషాల పని.

నడుస్తూ నడుస్తూ కార్డు మార్గం నుంచి జారిపోతే దినచర్యలో ఒక ముచ్చటైన ఆనవాలు మిగులుతుంది. డ్రైవర్ ఏ గడి చదివినా ఎఫ్ అనే అంకె ఎనిమిదిసార్లు వస్తుంది. అనగా 32 ద్విసంఖ్యాంకాలూ ఒకట్లే. కార్డు పలకనప్పుడు, నడుమనున్న వంతెన చిప్పు అన్నీ ఒకట్లుగా నింపి పంపే జవాబు అది. అథెరోస్ పాత చిప్పులను నడిపే అథ్9కే డ్రైవర్ "500 మైక్రోసెకన్లలో మేలుకొలపలేకపోయాను" అని వాపోవడం కూడా ఇట్టి సందర్భాలలో కనిపిస్తుంది.

దుబాసీకి ఊరు మారితే

కార్డు కనిపిస్తున్నా డ్రైవర్ దాన్ని అందుకోకపోవచ్చు. ఎల్‌ఎస్‌మాడ్ అనే ఆజ్ఞతో కెర్నెల్‌లో చేరిన డ్రైవర్ల పట్టిక వస్తుంది. అందులో కావలసిన పేరు లేకపోతే, డ్రైవర్‌కూ కెర్నెల్‌కూ రూపసంఖ్య కలవకపోవడం ఒక ముఖ్య కారణం. కెర్నెల్ లోపలి ఏర్పాట్లు ఒక రూపం నుంచి మరొక రూపానికి మారుతూ వుంటాయి. అందుచేత ప్రతి డ్రైవర్ తాను ఏ కెర్నెల్ కోసం తయారయిందో తనలో రాసుకుని వుంటుంది. ఆ రాత సరిపోలకపోతే కెర్నెల్ దానిని గుమ్మం లోపలికి రానివ్వదు. ఒక నెల కిందటి రూటర్ సాఫ్ట్‌వేర్‌ను అలాగే వుంచి, నేటి డ్రైవర్ పొట్లాన్ని మాత్రం తెచ్చి ఎక్కించబోతే జరిగేది ఇదే. రెండింటినీ ఒకే విడుదల నుంచి తీసుకోవాలి.

54జి రూటర్ చరిత్రలో ఈ చిక్కు ఏళ్ళ తరబడి సాగింది. దానిలో లినక్స్ వున్నదన్న సంగతి 2003లో బయటపడింది. లినక్స్ లైసెన్సు ప్రకారం మూలరచనను వెల్లడించవలసి వుండగా, ఆ సంవత్సరమే సంస్థ వారు వెల్లడించారు. దాని పునాది మీదనే 2004లో ఓపెన్‌వర్ట్ మొదలయింది. కాని నిస్తంత్రి చిప్పు బ్రాడ్‌కామ్ వారిది. దాని డ్రైవర్ మూలరచన అందులో లేదు. యంత్రభాషలోకి మార్చిన ముద్ద మాత్రమే లభించింది. అది 2.4 కెర్నెల్‌కు కట్టుబడిన ముద్ద. లోకమంతా 2.6 కెర్నెల్‌కు తరలిపోతున్నా, వైఫై కావలసినవారు పాత కెర్నెల్‌నే పట్టుకుని వేలాడవలసి వచ్చింది.

దీనికి ఔత్సాహికులు కనిపెట్టిన ఉపాయం ప్రశంసనీయం. ఒక బృందం ఆ ముద్దను పరిశీలించి, ఏ గడిలో ఏ అంకె వేస్తే ఏమి జరుగుతున్నదో మామూలు మాటలలో వర్ణన రాసింది. ఆ ముద్దను కన్నెత్తి చూడని రెండవ బృందం ఆ వర్ణన ఆధారంగా కొత్త డ్రైవర్ రాసింది. కాపీ కొట్టారన్న ఆరోపణకు తావు లేకుండా చేసిన ఏర్పాటు ఇది. ఆ డ్రైవర్ 2006లో లినక్స్‌లో చేరింది. 2008 జనవరి నాటికి బి43 అనే పేరుతో దాని మెరుగైన రూపం వచ్చింది. బ్రాడ్‌కామ్ వారు తమ కొత్త చిప్పులకు స్వయంగా మూలరచనతో కూడిన డ్రైవర్‌ను 2010 సెప్టెంబరులో విడుదల చేశారు. రూటర్ కొనేవారు చిప్పు ఎవరిదో, దాని డ్రైవర్ మూలరచన వెల్లడి అయిందో లేదో విచారించుకోవడం మంచిది. ధర చూసి కొన్న పెట్టె రెండేళ్ళకు అనాథ కావడానికి ఇంతకన్న పెద్ద కారణం వేరొకటి అరుదు.

ఫర్మ్‌వేర్ అనే మరో పొర

డ్రైవర్ చేరిన తరువాత కూడా కార్డు పలకకపోవచ్చు. నేటి కార్డులలో చాలావాటికి సొంతంగా చిన్న ప్రాసెసరు వుంటుంది. అది నడవడానికి కావలసిన ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. ఇది కార్డులో శాశ్వతంగా వుండదు. రూటర్ మేలుకొన్న ప్రతిసారీ డ్రైవర్ దాన్ని ఫ్లాష్ స్మృతిలోని ఫైలు నుంచి తీసి కార్డులో నింపాలి. అథ్9కే నడిపే పీసీఐ కార్డులకు ఈ అవసరం లేదు. వాటి తరువాతి తరానికి చెందిన అథ్10కే కార్డులకు అది లేనిదే తెల్లవారదు. బి43 విషయంలో ఫర్మ్‌వేర్‌ను పంచిపెట్టడానికి అనుమతి లేనందున, ఎవరికి వారు పాత డ్రైవర్ ముద్ద నుంచి దాన్ని కోసి తీసుకోవలసి వచ్చేది.

దినచర్యలో ఫర్మ్‌వేర్ ఫైలు పేరు పక్కన -2 కనిపిస్తే సంతోషించాలి. ఆ ఫైలు లేదు. తెచ్చి పెడితే సరిపోతుంది. అథ్10కే కార్డులు ఫర్మ్‌వేర్‌తోపాటు బోర్డు-2 అనే మరో ఫైలును కూడా అడుగుతాయి. ఒక్కటే తెచ్చి రెండవది మరచినవారికి కార్డు మళ్ళీ మూగగానే కనిపిస్తుంది. -12 కనిపిస్తే సమస్య వేరు. తాత్కాలిక స్మృతి తక్కువగా వున్న రూటర్లలో పెద్ద డ్రైవర్‌కు చోటు చాలదు. 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల స్మృతి గల చిన్న రూటర్లకు ఓపెన్‌వర్ట్ 19.07 తరువాత అధికారిక విడుదలలు ఆగిపోవడానికి కారణం ఇట్టి ఇరుకే. అదనపు ప్రోగ్రాములను తీసివేసి చోటు చేయవచ్చు గాని, దానికీ ఒక హద్దు వుంటుంది.

ఇంకొక రకం వుంది. ఫర్మ్‌వేర్ చక్కగా మొదలై, నాలుగు గంటలు నడిచి కూలిపోతుంది. డ్రైవర్ దాన్ని గమనించి, దినచర్యలో ఆ మాట రాసి, కార్డును తిరిగి మొదలుపెడుతుంది. వాడేవారికి కొన్ని సెకన్లపాటు వైఫై పోయి వచ్చినట్లు తోస్తుంది. అప్పుడు ఫర్మ్‌వేర్‌లో మరో రూపాన్ని ప్రయత్నించవచ్చు. అయితే ఫర్మ్‌వేర్, చానెల్, అడాప్టర్ మూడూ ఒకేసారి మార్చి, "బాగుపడింది" అని సంబరపడితే ఏది బాగుచేసిందో ఎన్నటికీ తెలియదు. ప్రయోగశాలలో లోలకపు పొడవు మార్చేటప్పుడు గుండు బరువు మార్చకూడదని విద్యార్థులకు చెప్పేది ఇందుకే.

చెరిపితే తిరిగిరానిది

రూటర్ ఫ్లాష్ స్మృతిలో ఒక చిన్న భాగం వుంటుంది. అథెరోస్ చిప్పులున్న రూటర్లలో దాన్ని ఏఆర్‌టి అంటారు. అనేక యంత్రాలలో అది ఫ్లాష్ చిట్టచివరి 64 కిలోబైట్లు. మీడియాటెక్ చిప్పులున్న రూటర్లలో "ఫ్యాక్టరీ" అనే పేరుతో వుంటుంది. ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా దానికి నకలు దొరకదు. ఎందుకంటే అది ఆ ఒక్క యంత్రానిదే.

ఒకే అచ్చులో పోసిన రెండు చిప్పులు కూడా సరిగ్గా ఒకే విధంగా ప్రవర్తించవు. ఇంత ఆజ్ఞకు ఇంత శక్తి అని లెక్క ప్రకారం రావలసి వున్నా, ఒకదానిలో కాస్త ఎక్కువ, మరొకదానిలో కాస్త తక్కువ వస్తుంది. ఆ తేడా చానెల్‌ను బట్టి కూడా మారుతుంది. కార్డులోని కాలాన్ని నడిపించే స్ఫటికం సంగతీ అంతే. 5 గిగాహెర్ట్జ్ వైఫైకి ప్రమాణం విధించిన హద్దు పది లక్షలకు 20 పాళ్ళు. స్వల్పంగా కనిపించే ఈ పాళ్ళను 5,500 మెగాహెర్ట్జ్‌కు లెక్కకడితే 110 కిలోహెర్ట్జ్ అవుతుంది. పాత తరాల వైఫైలో సమాచారాన్ని మోసే పక్కపక్క ఉపవాహకాల నడుమ దూరం 312.5 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఈ హద్దు దాటితే అవతలివారికి మాట అర్థం కావడం కష్టమవుతుంది.

అందుచేత ఫ్యాక్టరీలో ప్రతి యంత్రాన్నీ కొలిచే పరికరాల ముందుంచి, వివిధ చానెళ్ళలో దాని శక్తిని, తరచు స్ఫటికం తప్పును కూడా, కొలిచి, సవరించవలసిన అంకెలను ఆ చిన్న భాగంలో రాస్తారు. తూనికలు కొలతల వారు కాటాను సరిచూసి ముద్ర వేసినట్లన్నమాట. యంత్రానికి ప్రత్యేకమైన మ్యాక్ చిరునామా కూడా సాధారణంగా అక్కడో, దాని పక్కనో వుంటుంది. డ్రైవర్ మొదలయ్యేటప్పుడు ఈ అంకెలను చదువుకుంటుంది. అవి లేకపోయినా, వాటి మొత్తం సరిపోకపోయినా కార్డును నడపడానికి నిరాకరిస్తుంది.

"ఫ్లాష్ అంతా శుభ్రంగా చెరిపి మళ్ళీ రాద్దాం" అనే ఉత్సాహవంతుల చేతిలో ఈ భాగం చెరిగిపోతుంది. చెరిపిన ఫ్లాష్‌లో అన్నీ ఒకట్లే మిగులుతాయి. ఇంకొక రూటర్ నుంచి ఆ భాగాన్ని తెచ్చి అతికించేవారు వున్నారు. కార్డు పలుకుతుంది కూడా. కాని అది వేరొక కాటా ముద్రతో తూచడమే. ప్రసారశక్తి, పౌనఃపున్యం రెండూ దారితప్పవచ్చు. పైగా రెండు యంత్రాలకూ ఒకే చిరునామా వస్తుంది. ఒకే పాఠశాలలో ఆ రెండింటినీ పెడితే ఏ సమాచారం ఎటు పోవాలో తెలియని గందరగోళం ఏర్పడుతుంది.

దీనికి విరుగుడు అతి సులభం. అయితే అది ముందే చేసి వుండాలి. రూటర్ బాగా పనిచేస్తున్న రోజుననే ఆ భాగాన్ని చదివి, నకలును వేరే కంప్యూటర్‌లో దాచాలి. చదవడం వల్ల ఏ హానీ లేదు. రెండుసార్లు చదివి, రెండు నకళ్ళూ ఒకటేనా అని పోల్చి చూసుకోవాలి. ఫైలు పేరులో రూటర్ క్రమసంఖ్య వుండటం అవసరం; లేకపోతే నాలుగు రూటర్లున్న పాఠశాలలో ఏది ఎవరిదో మరచిపోతారు. నకలును రూటర్‌లోనే దాచి నిశ్చింతగా వుండేవారూ లేకపోలేదు!

దోషమే లేని దోషాలు

ఇంతవరకు చెప్పినవన్నీ సరిగా వున్నా కార్డు మౌనం వహించవచ్చు; అది విధేయత వల్ల. గాలిలోని పౌనఃపున్యాలు ప్రభుత్వాల అదుపులో వుంటాయి. భారతదేశంలో 2,400 నుంచి 2,483.5 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీని 2005లోనూ, 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మొత్తం 605 మెగాహెర్ట్జ్ వెడల్పును 2018 అక్టోబరులోనూ లైసెన్సు అవసరం లేకుండా చేశారు. దేశదేశాల నియమాల పట్టిక ఒకటి లినక్స్‌లో వుంటుంది. రూటర్‌కు దేశసంకేతం చెప్పకపోయినా, ఆ పట్టిక ఫైలు దొరకకపోయినా, డ్రైవర్ అన్నింటికన్న కఠినమైన నియమాలను పాటిస్తుంది: 5 గిగాహెర్ట్జ్‌లో వినవచ్చు గాని తానుగా ప్రసారం ఆరంభించరాదు. ఐడబ్ల్యూ లిస్ట్ అనే ఆజ్ఞతో చానెళ్ళ పట్టిక తెప్పిస్తే అట్టి చానెళ్ళ పక్కన "నో ఐఆర్" అని వుంటుంది. ల్యాప్‌టాప్ నుంచి తీసిన ఇంటెల్ కార్డును రూటర్‌లో అమర్చినవారికి తరచు ఎదురయ్యేది ఇదే. ఇతరుల వైఫైకి ఆ కార్డు చక్కగా కలుస్తుంది. తాను మాత్రం 5 గిగాహెర్ట్జ్‌లో నిలయంగా మారదు. ఎన్ని డ్రైవర్లు మార్చినా ప్రయోజనం వుండదు. కార్డు తయారైనదే అందుకు కాదు.

పట్టికలో కొన్ని చానెళ్ళ పక్కన రాడార్ ప్రస్తావన వుంటుంది. 5 గిగాహెర్ట్జ్‌లో కొంతభాగాన్ని పలు దేశాలలో రాడార్లు కూడా వాడుతున్నాయి. మన మచిలీపట్నం, విశాఖపట్నం వాతావరణ రాడార్లు ఎస్ బాండుకు, అనగా 2,000-4,000 మెగాహెర్ట్జ్ నడిమి ప్రాంతానికి చెందినవి కనుక వాటికి ఈ గొడవ లేదు. రాడార్ గుర్తు వున్న చానెల్‌లో ప్రసారం మొదలుపెట్టే ముందు కార్డు 60 సెకన్లు నోరు మెదపక వినాలి. ఐరోపా నియమాలలో 5,600-5,650 మెగాహెర్ట్జ్ నడుమ ఈ మౌనవ్రతం పది నిమిషాలు. మధ్యలో రాడార్ స్పందనం వినిపిస్తే పది సెకన్లలో ఆ చానెల్ వదిలి, అరగంట వరకు తిరిగి రాకూడదు. ఒక నిమిషం కూడా ఆగకుండా రూటర్‌ను ఆర్పి వెలిగించేవారు ప్రతిసారీ ఆ నిమిషాన్ని మళ్ళీ మొదటికి తెస్తుంటారు.

ఇది తరగతిలో చూపదగిన ప్రయోగం. 5 గిగాహెర్ట్జ్ చానెల్ సంఖ్యను 5తో గుణించి 5,000 కలిపితే మెగాహెర్ట్జ్‌లో పౌనఃపున్యం వస్తుంది. 36వ చానెల్ 5,180, 52వ చానెల్ 5,260. రాడార్ గుర్తు లేని చానెల్‌లో ఒకసారి, గుర్తు వున్న చానెల్‌లో మరొకసారి రూటర్‌ను మొదలుపెట్టి, ఫోనులో పేరు కనిపించే వరకు గడియారంతో కాలం కొలవమని విద్యార్థులకు చెప్పవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇట్టి మౌనం లేదు గాని వేరొక వింత వుంది. అమెరికా నియమాలకు అమర్చిన ఫోన్లు 12, 13 చానెళ్ళను వాడవు. రూటర్ వాటిలో ఒకదానిని ఎన్నుకుంటే ఒక ఫోనుకు పేరు కనిపిస్తుంది, పక్కవారి ఫోనుకు కనిపించదు. రెండు ఫోన్లతో పరీక్షించనిదే తీర్పు చెప్పరాదన్నమాట.

చివరి మెట్టు, ప్రసారాన్ని నడిపే హోస్ట్‌ఏపీడీ అనే ప్రోగ్రాం. ఎనిమిది అక్షరాలకన్న తక్కువ సంకేతపదం ఇచ్చినా, కార్డుకు చేతకాని వెడల్పు చానెల్ అడిగినా అది మొదలుకాదు. డ్రైవర్, ఫర్మ్‌వేర్ నిర్దోషులే. దీని ఫిర్యాదు లాగ్‌రీడ్‌లో దొరుకుతుంది.

అన్నీ చూసిన తరువాత కూడా కార్డు పలకకపోతే అప్పుడు దానిని అనుమానించవచ్చు. ఊడదీయగల కార్డు అయితే పరీక్ష తేలిక. అదే రకపు మరో కార్డు ఆ సొరుగులో పలికితే దోషం మొదటి కార్డులో వుంది. మొదటి కార్డు మరో యంత్రంలో పలికితే దోషం సొరుగులోనో, దానికి విద్యుత్తు అందించే భాగంలోనో వుంది. కార్డులను మార్చే ముందు అడాప్టర్‌ను గోడ నుంచి ఊడదీయాలి. యాంటెన్నా తీగల గుండీలు మిక్కిలి చిన్నవి, గోటితో నిలువుగా పైకి లేపాలి గాని పక్కకు లాగరాదు.